వాళ్ళ షడ్జమం, నా పంచమం

నా శ్రుతి ఒకటిన్నర. శ్రుతి అంటే పాడేవాడు తన షడ్జమంగా, అంటే 'స'గా, పట్టుకునే ఎత్తు; హార్మోనియం మెట్ల వరసను బట్టి దానికి అంకె, అంకె పెరిగేకొద్దీ ఎత్తు. విజయనగరం సంగీత కళాశాలలో చదివే రోజుల్లో మా గురువుగారు నా చేత కొన్నాళ్ళు ఒకటిలో, కొన్నాళ్ళు రెండులో పాడించారు. కింద మంద్రపంచమం, పైన తారపంచమం రెండూ ఎక్కడ శ్రమ లేకుండా అందుతున్నాయో చూసి, పెళ్ళిసంబంధం కుదిర్చినంత జాగ్రత్తగా ఒకటిన్నర దగ్గర ఖాయం చేశారు. ఆ తర్వాత పదిహేనేళ్ళు కచేరీలైనా, విజయవాడ రేడియో స్టేషనులో రికార్డింగులైనా, అన్నీ అందులోనే.

ఇప్పుడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివార్లలో, నా దగ్గర పాఠానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. వాళ్ళ శ్రుతి ఐదున్నర. ఒకటిన్నరను షడ్జమం అనుకుంటే ఐదున్నర సరిగ్గా పంచమం మీద పడుతుంది. అంటే వాళ్ళు 'స' అన్నచోట నాకు 'ప'. వాళ్ళు తారషడ్జమం అందుకునేసరికి నేను తారపంచమం పట్టుకుని వేలాడుతుంటాను. కచేరీలో అక్కడికి ఒకటి రెండుసార్లు వెళ్ళి, రెండు క్షణాలు నిలబడి, చప్పట్లు అందుకుని దిగివస్తాం. రోజుకు ఐదు గంటలు అక్కడే కాపురం పెట్టమంటే ఏ గొంతు ఊరుకుంటుంది?

మేము 2011 జనవరిలో వచ్చాం. మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఆమెది హెచ్-1 వీసా. ఆమె వెంట వచ్చిన నాది హెచ్-4. ఆ వీసా మీద చదువుకోవచ్చు, కారు నడపవచ్చు, బ్యాంకు ఖాతా తెరవవచ్చు. పనిచేసి డబ్బు మాత్రం అప్పట్లో తీసుకోకూడదు. తెలుగువాళ్ళ ఇళ్ళలో విందుకు వెళితే మగవాళ్ళంతా హాల్లో కూర్చునేవారు. ఎవరో ఒకరు పలకరించేవారు.

"మీరు ఎక్కడ పనిచేస్తున్నారండీ?"

"పాడతానండీ."

"అలాగా, చాలా సంతోషం. మరి ఉద్యోగం?"

హాల్లో మాటలన్నీ వీసా స్టాంపింగు గురించి, షేర్ల గురించి. వంటింట్లో మాత్రం హెచ్-4 మీద వచ్చిన ఆడవాళ్ళు, ఒకావిడ దంతవైద్యురాలు, ఇంకొకావిడ లెక్చరర్, పూరీలు వత్తుతూ తమ డిగ్రీల గురించి నవ్వుకునేవారు. నా తోటి బాధితులు అక్కడ ఉంటే నేను హాల్లో కూర్చునేవాడిని. పూరీలు వేయించే మిషతో వంటింట్లోకి చేరడానికి నాకు ఏడాది పట్టింది. ఈ దేశంలో నా మొదటి స్నేహాలు ఆ పొయ్యి దగ్గర కుదిరినవే.

పాట సంగతికి వస్తే, తెల్లవారుజామున ఐదింటికి మంద్రసాధన నా పాత అలవాటు. అపార్ట్‌మెంటు గోడలన్నీ చెక్కా, అట్టా. మూడో వారంలో ఒక రోజు మరమ్మతుల మనిషి పనిముట్ల పెట్టెతో వచ్చి మా హీటరు మూత విప్పాడు. పక్కింటివాళ్ళకు రోజూ తెల్లవారుజామున ఏదో మోటారు మూలిగినట్టు వినిపిస్తోందట. అరగంట వెతికి, బాగానే ఉందని రాసి వెళ్ళిపోయాడు. ఆ మోటారును నేనేనని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాటి నుంచి సాధన బట్టల గదిలోకి మారింది. తలుపు వేసుకుని, చలికోట్ల మధ్య పీట మీద కూర్చునేవాడిని. కోట్లు శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి కాబట్టి పక్కింటికి ఇబ్బంది తప్పింది. అదే నాకు చెరుపయింది. పాడేవాడు తన గొంతును గోడల నుంచి తిరిగి వింటూ పాడతాడు. ఏమీ తిరిగి రాని చోట, చాలడం లేదేమోనని తెలియకుండానే ఇంకాస్త ఒత్తుతాడు. పైగా చలికాలమంతా హీటరు గాలి ఇంట్లో తేమ లేకుండా చేస్తుంది. పొడిగొంతుతో, ఒత్తి, నాలుగేళ్ళు కోట్లకు కచేరీ చేశాను.

ఆదివారాలు గుడిలో పిల్లలకు ఉచితంగా శ్లోకాలు, సరళీస్వరాలు చెప్పేవాడిని. ఇంటికి వచ్చి చెప్పమని అడిగినవాళ్ళున్నారు. కవరులో నగదు పెట్టి ఇస్తే ఎవరికి తెలుస్తుందన్నవాళ్ళూ ఉన్నారు. నా కవరు బయటపడితే పోయేది నా వీసా. ఆ మాట వాళ్ళకు చెప్పలేక, నాకు తీరిక లేదనేవాడిని. దేశంలో నా అంత తీరికైన మనిషి ఇంకొకడు లేడని వాళ్ళకూ తెలుసు.

2015 మే 26 నుంచి కొత్త నియమం వచ్చింది. హెచ్-1 మీద ఉన్న భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే అర్జీ, ఆమోదమై ఉంటే, హెచ్-4 మీద ఉన్నవాళ్ళు పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా కార్డు ఆ ఏడాది చివర్లో పోస్టులో వచ్చింది. సంక్రాంతి నాటికి నలుగురు పిల్లలు, ఉగాదికి పదకొండుమంది. అరగంటకు 20 డాలర్లు. మొదటి చెక్కు పుచ్చుకున్నప్పుడు తల దించుకున్నాను. మా గురువుగారికి నేను ఇచ్చిన జీతం నెలకు యాభై రూపాయలు, అది కూడా ఆయన గుర్తుచేసుకుని అడిగింది లేదు.

మరుసటి సంవత్సరం పన్నుల కాగితాలు నింపుతుంటే వృత్తి అనే గడి వచ్చింది. 'గాయకుడు' అన్నాను. కాగితాలు చూసే ఆయన మర్యాదగా అడిగాడు: "పాడినందుకు ఈ ఏడాది ఎంత వచ్చింది?" రెండు శాలువాలు, ఒక జ్ఞాపిక, ఫలతాంబూలాలు. లెక్కకు సున్నా. "పాఠాలకో?" చెప్పాను. ఆయన మొదటి మాట కొట్టేసి 'సంగీత ఉపాధ్యాయుడు' అని టైపు చేశాడు. ఆయన తప్పేమీ లేదు. అయినా ఇంటికి వచ్చేదాకా కారులో నేనూ మా ఆవిడా మాట్లాడుకోలేదు.

పాఠం చెప్పడం నేను అనుకున్న పని కాదని మొదటి నెలలోనే తెలిసింది. ఇక్కడి పిల్లలు చాలామంది నా దగ్గరకు రాకముందే రెండు మూడేళ్ళు పియానో నేర్చుకుని ఉంటారు. స్వరస్థానం సూది మొనలా పడుతుంది. మాయామాళవగౌళలో సరళీస్వరాలు మూడు కాలాలూ పొరపాటు లేకుండా పాడేస్తారు. చిక్కంతా తోడి రాగంతో మొదలవుతుంది. తోడిలో గాంధారం ఒకచోట కుదురుగా కూర్చోదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. "అంకుల్, అది ఏ మెట్టు?" అని అడిగింది ఒక పాప. ఏ మెట్టూ కాదన్నాను. "అయితే మీరు గ అని ఎందుకు అంటున్నారు?" ఇన్నేళ్ళు పాడిన నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. జవాబు కోసం ఊయల ఊగి చూపించాను, స్ప్రింగు బొమ్మను ఊపి చూపించాను. చివరికి ఆ పాపే కళ్ళు మూసుకుని పదిసార్లు విని పట్టుకుంది. నా బొమ్మలేవీ పనికిరాలేదు.

ఇంకొకటి లిపి. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, కన్నడ పిల్లలు, అందరూ సాహిత్యాన్ని ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసుకుంటారు. అందులో 'పాట'కూ 'పాత'కూ తేడా ఉండదు. 'వాడు' ఎప్పుడైనా 'వాదు' కావచ్చు. ళకార, ణకారాలు ఉన్నాయన్న సంగతే చాలామందికి తెలియదు. కర్ణాటక సంగీతంలో సగానికి పైగా మన భాషలోదేనని మనం గర్వంగా చెప్పుకుంటాం. నా దగ్గర అత్యంత స్పష్టంగా తెలుగు పాడేది మాత్రం ఒక తమిళ అమ్మాయి. వాళ్ళ అమ్మ ప్రతి పదానికీ అర్థం అడిగి, గీత కింద గీత గీసుకుని రాసుకుంటుంది. మన పిల్లల తల్లిదండ్రులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి వచ్చేస్తుందనుకుంటారు. ఇప్పుడు నా నియమం ఒకటే: తెలుగు అక్షరాలు రానివాళ్ళకు కృతి చెప్పను. దానికి ఇద్దరు మానేశారు. పోనీ.

మగపిల్లల కథ వేరు. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి గొంతు మారుతుంది. ఐదులో పాడేవాడు కొన్ని నెలల్లో ఒకటికి దిగిపోతాడు. మధ్యలో ఏ స్వరం ఎక్కడ విరుగుతుందో వాడికీ తెలియదు. సరిగ్గా ఆ వయసులోనే సిగ్గు కూడా మొదలవుతుంది. మానేస్తానని చెప్పడానికి పిల్లలు రారు, తల్లులు ఫోను చేస్తారు. మొదటి ముగ్గురిని అలాగే పోగొట్టుకున్నాను. నాలుగోవాడిని పోనివ్వలేదు. ఆరు నెలలు పాట పక్కన పెట్టి, వాడి చేత తాళం వేయించాను, వర్ణాలు రెండు కాలాల్లో చేతితో లెక్కవేయించాను, రాగాలు వినిపించి పేర్లు అడిగాను. హాయిగా పలికే నాలుగైదు స్వరాల్లోనే గొంతు విప్పనిచ్చాను. ఒక రోజు వాడు కారు దిగుతూనే "అంకుల్, ఒకటిన్నర వచ్చింది" అన్నాడు, ఇంట్లో ఎవరో పుట్టినట్టు. ఆ రోజు మేమిద్దరం ఒకే శ్రుతిలో పాడాం. నా ఇంట్లో నా శ్రుతిలో ఇంకొక గొంతు వినడం అదే మొదటిసారి. పాఠం అరగంటయితే, గంటన్నర కూర్చోబెట్టాను. వాడి తల్లి బయట కారులో ఎదురుచూస్తోందన్న సంగతే మరచిపోయాను.

2018లో నా గొంతు పోయింది. జలుబనుకున్నాను. మూడు వారాలైనా బొంగురు తగ్గలేదు, తారస్థాయి గాంధారం దాటితే గాలి తప్ప స్వరం లేదు. గొంతు డాక్టరు సన్నటి గొట్టానికి కెమెరా పెట్టి, మెరుపుల దీపంతో స్వరతంత్రులను తెర మీద చూపించారు. అవి కొట్టుకునే వేగం కంటికి అందదు. నా షడ్జమం దగ్గర సెకనుకు సుమారు 139 సార్లు, పిల్లల షడ్జమానికి 208, వాళ్ళ తారషడ్జమానికి 415 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. ఆ దీపం వల్ల అవి నీళ్ళలో నాచు ఊగినట్టు నెమ్మదిగా కనిపిస్తాయి. రెండింటి మీదా, ఎదురెదురుగా, చిన్న బుడిపెలు. చేతికి కాయ కాసినట్టే, అతిగా రాపిడి వల్ల వచ్చేవి. వృత్తి అడిగారు. ఈసారి తడుముకోకుండా 'పాఠాలు చెబుతాను' అన్నాను. ఆవిడ తల ఊపారు. ఉపాధ్యాయులు తన దగ్గరకు చాలామంది వస్తారట.

కత్తి అక్కరలేదన్నారు. కొన్నాళ్ళు పూర్తి మౌనం, గుసగుస కూడా కూడదు, ఎందుకంటే గుసగుసలోనూ గొంతు బిగుస్తుంది. ఆ తర్వాత స్పీచ్ థెరపీ. ఆ చికిత్సలో మొదటి పాఠం, గ్లాసు నీళ్ళలో స్ట్రా ముంచి బుడగలు వచ్చేటట్టు ఊదుతూ ఒక స్వరం పట్టడం. రేడియోలో బి-హై గ్రేడు కళాకారుడిని, నలభై దాటినవాడిని, అద్దం ముందు బుడగలు ఊదుతుంటే మా అమ్మాయి వీడియో తీసింది. రెండో వారానికి నాకు అర్థమైంది. ఎదురొత్తిడి వల్ల తంత్రులు మెత్తగా కలుస్తాయి, గొంతు మీద బరువు తగ్గుతుంది. మా గురువుగారు పెదవులు మూయించి మంద్రంలో చేయించిన సాధన పని కూడా ఇంచుమించు ఇదే. ఆయన కారణం చెప్పలేదు, థెరపిస్టు రాగం చెప్పలేదు, అంతే తేడా.

మౌనంగా ఉన్న రోజుల్లో పాఠాలు మానలేదు. పలక మీద రాసి చూపించేవాడిని, తాళం వేసేవాడిని, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించేవాడిని. అప్పుడు ఒకటి గమనించి సిగ్గుపడ్డాను. తారస్థాయిలో పిల్లలు మెడనరాలు బిగించి, సన్నటి దొంగగొంతుతో పాడటం నేను వాళ్ళ లోపమనుకుని దిద్దుతూ వచ్చాను. అది నా గొంతు. ఐదున్నరలో వాళ్ళ కోసం నేను పడే అవస్థనే వాళ్ళు బాణీ అనుకుని నేర్చుకున్నారు. నేను నోరు మూసుకున్న నెలన్నరలో సగంమందికి అది దానంతట అదే రాలిపోయింది. ఆ తర్వాత నుంచి పాఠాన్ని నా శ్రుతిలోనే ఒకసారి పాడి వినిపిస్తాను, వాళ్ళ శ్రుతిలో వాళ్ళ చేతనే వెతికిస్తాను. చిన్నపిల్లలకు ఇది కష్టమే, వాళ్ళ దగ్గర ఇప్పటికీ పైకి ఎక్కక తప్పదు.

2020లో పాఠాలు తెర మీదకు వెళ్ళాయి. ఆ ఏడాది గురించి అందరూ చెప్పేశారు కాబట్టి రెండు ముక్కలే. తెరలో ఇద్దరు కలిసి పాడలేరు. శబ్దం చేరడానికి పట్టే ఆలస్యంలో తాళం విరిగిపోతుంది. ఇక కంప్యూటర్ తంబూరాను ఫ్యాను చప్పుడనుకుని తుడిచేసేది. శ్రుతే రొదగా లెక్కకు వచ్చే యంత్రం ముందు కూర్చుని శ్రుతిశుద్ధి గురించి పాఠం చెప్పాను. మరుసటి సంవత్సరం నా పని అనుమతి కార్డు గడువు ముగిసేనాటికి కొత్తది రాలేదు. ఐదు నెలలు. మళ్ళీ ఆదివారం గుడి, మళ్ళీ 'తీరిక లేదు'. తిరిగి మొదలుపెట్టేసరికి పిల్లల్లో మూడోవంతు వేరే చోట చేరిపోయారు.

మానకుండా ఉండిపోయినవాళ్ళలో ఆ తోడి పాప ఒకతె. ఇప్పుడు పదహారు నిండాయి, తానే కారు నడుపుకుంటూ వస్తుంది. క్లీవ్‌లాండ్ మాకు రెండు గంటల పైచిలుకు దూరం. అక్కడ 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. వందలమంది కూర్చుని ఆయన పంచరత్న కృతులు ఐదూ, ఒక్కోటీ ఒక్కో రాగంలో, వరసగా పాడతారు. ఈ అమ్మాయికి నాట, గౌళ, ఆరభి, శ్రీ వచ్చు. నాలుగోది, వరాళి, రాదు. కిందటేడు ఆ ఒక్క కృతి వచ్చినప్పుడు తాను పెదవులు మాత్రం కదిలించానని చెప్పి, "ఎందుకు చెప్పరు అంకుల్?" అని నిలదీసింది.

వరాళి రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టి శిష్యుడికి చెబితే ఇద్దరికీ చెడుతుందని పాత నమ్మకం. ఆ రాగంలో శుద్ధగాంధారం, పంచమాన్ని ఒరుసుకుంటూ నిలిచే మధ్యమం దిద్దడానికి చాలా మొండివి. దిద్దీ దిద్దీ విసుగు పుట్టి విడిపోయినవాళ్ళెవరో ఈ మాట పుట్టించి ఉంటారని నా అనుమానం. నేను నమ్ముతానా అంటే, నమ్మను. కానీ వీసా, కార్డు, జబ్బు, తెర, వీటన్నిటికీ ఓర్చి తొమ్మిదేళ్ళు ఉండిపోయిన శిష్యురాలి మీద ప్రయోగం చేసి చూసేంత అపనమ్మకం కూడా నాకు లేదు.

మా గురువుగారు నాకు చెప్పలేదు. వేకువనే లోపలి గదిలో ఆయన పాడుకునేవారు, నేను వరండాలో కూర్చునేవాడిని. తర్వాత నేను తప్పు పాడితే వినీ విననట్టు ఊరుకునేవారు. మర్నాడు సరిగ్గా ఆ చోటుకు వచ్చేసరికి ఇంకాస్త నెమ్మదిగా పాడేవారు.

అమ్మాయికి ఇదంతా చెప్పాను. యూట్యూబులో వింటే సరిపోదా అంది. సరిపోతుంది, కానీ అందులో ఎవరూ నీ కోసం నెమ్మదిగా పాడరన్నాను. ఆలోచించి, సరేనంది. పాఠం చెప్పే నేలమాళిగలో పక్కనే నీళ్ళ హీటరు ఉండే చిన్న గది ఉంది. కాంక్రీటు గోడలు, ఒక్క కోటు కూడా లేదు. శ్రుతిపెట్టె తీసుకుని అందులోకి వెళ్ళి, తలుపు ఓరగా వేశాను. పాఠం కాదు కాబట్టి ఐదున్నర అక్కరలేదు. ఒకటిన్నర పెట్టాను.

షడ్జమం పట్టగానే గోడలు తిరిగి ఇచ్చాయి. పల్లవి, అనుపల్లవి, ఒక్కో చరణం, ఎవరికీ చెప్పకుండా, ఎవరి గొంతూ ఎక్కకుండా పాడుకుంటూ పోయాను. చివరి చరణం ముగిసేసరికి పక్కనున్న ఫోను గుర్రుమంది. తలుపుకు అవతలి నుంచి సందేశం, తెలుగు అక్షరాల్లో: "రెండో చరణం మళ్ళీ ఒక్కసారి పాడతారా అంకుల్?"

జవాబిస్తే పాఠం చెప్పినట్టవుతుంది. ఫోను బోర్లించి, రెండో చరణం ఎత్తుకున్నాను, ఇంకాస్త నెమ్మదిగా.